పెద్ద కుక్క ఇంట్లోనే పోస్తోందా? కోప్పడే ముందు ఇది చూడండి

"మా కుక్కకి అన్నీ తెలుసండీ. కావాలనే చేస్తోంది. నేను తిట్టానని కక్షతో నా మంచం పక్కకొచ్చి మరీ పోస్తోంది."

నమస్కారం. పెద్ద కుక్కల టాయిలెట్ ట్రైనింగ్ మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వింటే నాకు బాధేస్తుంది. ఎందుకంటే దీని తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. కుక్క మూతి పట్టుకుని ఆ తడిలో రుద్దుతారు. చీపురు తీస్తారు. బాల్కనీలో కట్టేస్తారు. చివరికి "మాకు కుదరడం లేదు, ఎవరైనా తీసుకుంటారా" అని వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పెడతారు. ఆ ఫొటోలో కుక్క మాత్రం ఇంకా వాళ్లనే చూస్తూ తోక ఊపుతుంటుంది.

ఈ వీడియో కుక్కపిల్లల గురించి కాదు. ఏడాది దాటిన కుక్కల గురించి. దత్తత తెచ్చుకున్నవి, చేతులు మారినవి, ఇన్నాళ్లు బాగానే ఉండి ఇప్పుడు మొదలుపెట్టినవి.

ముందు ఆ "తప్పు చేశానని దానికి తెలుసు" సంగతి తేల్చేద్దాం. మీరు ఇంటికి రాగానే అది చెవులు వెనక్కి పెట్టి, తల దించుకుని, ఓరకంట చూస్తుంది కదా? అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 2009లో దీని మీద ఒక ప్రయోగం ప్రచురించారు. 14 కుక్కలు. తినొద్దని చెప్పి యజమాని గది బయటికి వెళ్తారు. తిరిగొచ్చాక "నీ కుక్క తినేసింది" అని వాళ్లకి చెప్తారు, కొన్నిసార్లు నిజంగానే తిన్నాక, కొన్నిసార్లు అసలు తినకపోయినా. తేలిందేంటంటే, ఆ తప్పు చేసిన ముఖం తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు. యజమాని తిట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. అంటే అది పశ్చాత్తాపం కాదు. మీ గొంతు, మీ నడక చూసి వచ్చిన భయం. మీరు గంట తర్వాత చూసి కొడితే, ఆ దెబ్బకీ గంట క్రితం పోసిన ఉచ్చకీ సంబంధం దానికి అందదు. పోస్తుండగానే పట్టుకుని కొట్టినా దానికి అర్థమయ్యేది ఒక్కటే: వీళ్ల ముందు పోస్తే ప్రమాదం. అందుకే తర్వాత నుంచి సోఫా వెనకా, మంచం కిందా పోస్తుంది. బయట మీరు గొలుసు పట్టుకుని పక్కనే నిలబడితే అసలు పోయదు. మీరు నేర్పిందే అది చేస్తోంది.

మరి ఇంట్లోనే ఎందుకు? ఇక్కడ మీకు ఒక గోడ చూపిస్తాను.

[స్క్రీన్ మీద: బస్టాండ్ గోడ, ఎర్ర అక్షరాలతో "ఇచ్చట మూత్రము పోయరాదు"]

ఈ గోడ చూడని తెలుగువాళ్లు ఉండరు. సరిగ్గా ఆ అక్షరాల కిందే తడి. ఎందుకంటే కళ్లకి అక్కడున్న రాత ఒకటి చెప్తే, ముక్కుకి అక్కడి వాసన ఇంకొకటి చెప్తుంది. ముక్కు మాటే గెలుస్తుంది. మనిషికే అలా ఉంటే, లోకాన్ని ముక్కుతో చదివే కుక్క సంగతి ఆలోచించండి. మీ హాల్లో సోఫా కాలి దగ్గర దానికి ఒక బోర్డు కనిపిస్తోంది: "ఇచ్చట పోయవచ్చును." మొదటిసారి పోసినప్పుడు అదే రాసుకుంది ఆ బోర్డు. మీరు రోజూ ఆ బోర్డు పక్కన నిలబడి అరుస్తున్నారు, బోర్డు మాత్రం తీయడం లేదు.

"తీశామండీ, ఫినాయిల్ వేసి మూడుసార్లు తుడిచాం." నన్ను అన్నిటికన్నా చిరాకు పెట్టే సీసా ఇదే. ఫినాయిల్ వాసన వస్తే మన ఇళ్లలో శుభ్రం అయినట్టు లెక్క. కానీ అది బోర్డు మీద సున్నం కొట్టడమే. మనకి అక్షరాలు కనబడవు, కుక్క మాత్రం సున్నం కిందున్నది కూడా చదివేస్తుంది. పైగా నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు కుక్కలకి హాని చేస్తాయి. తడి నేల మీద నడిచి, ఆ పాదాలే నాక్కుంటుంది కదా. అమోనియా ఉన్న క్లీనర్లు కూడా వద్దు, నిలవున్న మూత్రం వాసనలో ఉండేది ఆ అమోనియానే. బ్లీచింగ్ అసలే వద్దు, మూత్రంలోని అమోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాని వాయువు పుడుతుంది. వెనిగర్ చిట్కా చాలామంది చెప్తారు. మీది మార్బుల్ అయితే వెనిగర్ పడ్డచోట పాలిష్ పోయి మచ్చ మిగులుతుంది.

బోర్డు తీయాలంటే ఎంజైమ్ క్లీనర్ కావాలి. పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇది వాసనని కప్పదు, వాసన పుట్టించే పదార్థాన్నే విడగొడుతుంది. వాడే పద్ధతి ముఖ్యం. ముందు పాత న్యూస్‌పేపర్ వేసి తడిని అద్దండి, రుద్దకండి. తర్వాత క్లీనర్‌ని మరక కంటే కాస్త ఎక్కువ మేర తడిసేలా పోయండి. సీసా మీద రాసినంతసేపు, సాధారణంగా పది పదిహేను నిమిషాలు, అలా వదిలేయండి. దానంతట అదే ఆరాలి. మనవాళ్లు చేసేదేంటంటే, స్ప్రే కొట్టి అరనిమిషంలో తుడిచేసి, పైనుంచి అలవాటుగా ఫినాయిల్ వేస్తారు. ఎంజైమ్ పని అక్కడే చచ్చిపోతుంది. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి కూడా ఈ విషయం కూర్చోబెట్టి చెప్పండి, లేకపోతే మీ కష్టమంతా ఉదయం మాప్‌తో పోతుంది.

మరకలన్నీ మీకు తెలుసనుకోకండి. దొంగనోట్లు చూసే యూవీ టార్చ్ ఒకటి తెచ్చుకుని, రాత్రి లైట్లన్నీ ఆర్పి, గోడల అంచుల వెంట, డైనింగ్ టేబుల్ కాళ్ల దగ్గర, కర్టెన్ల కింద వేసి చూడండి. పాత మరకలు పసుపు పచ్చగా మెరుస్తాయి. ఒక్కచోటే అనుకున్న ఇంట్లో నాలుగైదు బోర్డులు బయటపడతాయి.

ఇంట్లో బోర్డు తీసేస్తే సగం పనే అయింది. బయట బోర్డు పెట్టాలి. తడి అద్దిన ఆ న్యూస్‌పేపర్ పారేయకండి. కిందికి తీసుకెళ్లి, అది ఎక్కడ పోయాలని మీరు అనుకుంటున్నారో అక్కడ కాసేపు పెట్టండి. రోజూ దాన్ని అదే చోటికి తీసుకెళ్లండి. రోజుకో దారిలో తిప్పితే ఏ బోర్డూ గట్టిపడదు. పని అయ్యాక పేపర్ తీసి చెత్తబుట్టలో వేయండి, మన అపార్ట్‌మెంట్లలో కుక్కల మీద కోపం పెరగడానికి ఇలాంటివే కారణం.

ఇప్పుడు ఒక కుక్కని ఊహించుకోండి. నాలుగేళ్ల ల్యాబ్రడార్. పిల్లలు పెట్టించడానికే కెన్నెల్‌లో పెంచారు. పుట్టినప్పటి నుంచి సిమెంటు గచ్చు మీదే తిండి, అక్కడే నిద్ర, అక్కడే ఉచ్చ. పనికిరాదనుకున్నాక వదిలించుకున్నారు. డబ్బు కోసం ఒక ప్రాణిని అలా గచ్చుకి అతికించి బతికించడం నా దృష్టిలో క్రూరత్వం, అంతకన్నా మెత్తని మాట నా దగ్గర లేదు. మీరు దాన్ని తెచ్చుకుని మణికొండలో తొమ్మిదో అంతస్తులో పెట్టారు. పార్కులో గడ్డి మీద అరగంట నిలబెడితే అయోమయంగా చూస్తుంది. ఇంటికొచ్చి టైల్స్ మీద కాలు పెట్టగానే హాయిగా పోస్తుంది.

దీనికి బోర్డు వాసనలోనే కాదు, కాళ్ల కింద కూడా ఉంది. ఏ నేల మీద పోయాలన్నది కుక్కలు పిల్లలుగా ఉన్నప్పుడే, రెండు నెలల వయసు నాటికే చాలావరకు అలవాటు చేసుకుంటాయి. గట్టిగా, నున్నగా తగిలితే అదే దాని టాయిలెట్. మరి దాన్ని నేరుగా గడ్డిలోకి ఎందుకు తోస్తున్నారు? బయట సిమెంటు దారి, మట్టి కలిసే అంచు వెతకండి. మొదట సిమెంటు మీదే పోయనివ్వండి, మెచ్చుకోండి, నీళ్లు పోసి కడిగేయండి. తర్వాత కొద్దికొద్దిగా మట్టి వైపు జరపండి.

వీధి నుంచి తెచ్చుకున్న ఇండీ కుక్కది దీనికి తిరగబడ్డ కథ. దానికి మట్టి తెలుసు. లిఫ్ట్, గొలుసు, గేటు దగ్గర బైకుల మోత తెలియదు. భయపడ్డ కుక్క పోయదు, బిగపట్టుకుంటుంది. లోపలికి వచ్చి భయం తీరాక వదిలేస్తుంది. దానికి ట్రైనింగ్ కంటే ముందు నిశ్శబ్దంగా ఉండే వేళ కావాలి. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక తీసుకెళ్లండి.

మన ల్యాబ్ దగ్గరికి మళ్లీ వద్దాం. "నలభై నిమిషాలు తిప్పాను, పోయలేదు. లోపలికి రాగానే పోసింది." ఇది దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నదే. ఒకసారి దాని వైపు నుంచి చూడండి. బయట అది పోసిన మరుక్షణం మీరేం చేస్తున్నారు? "హమ్మయ్య, అయిపోయింది" అని వెనక్కి లాక్కొస్తున్నారు. రోజంతా ఫ్లాట్‌లో ఉన్న కుక్కకి ఆ బయటి లోకమే పండగ. పోస్తే పండగ అయిపోతుందని తెలిసిపోయింది, అందుకే పోయడం ఆపేసింది. దీన్ని తిప్పేయండి. ముందు బోర్డు దగ్గరికి వెళ్లి, ఫోన్ జేబులో పెట్టి, కదలకుండా నిలబడండి. పోసిందా, అక్కడే, రెండు సెకన్లలో, ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్ ముక్కో పనీర్ ముక్కో పెట్టండి. ఆ తర్వాతే వాకింగ్ మొదలుపెట్టండి. ఇంటికొచ్చాక బిస్కెట్ పెడితే అది ఇంటికొచ్చినందుకు అనుకుంటుంది. అయిదు నిమిషాలైనా పోయకపోతే లోపలికి తెచ్చి, వదిలేయకుండా గొలుసు మీ నడుముకి కట్టుకుని పక్కనే ఉంచుకోండి, పావుగంట తర్వాత మళ్లీ దించండి. డబ్బిచ్చి డాగ్ వాకర్‌ని పెట్టుకున్నవాళ్లు కూడా మొదటి కొన్ని వారాలు మీరే వెళ్లండి. బోర్డు పెట్టే పని ఇంకొకరికి అప్పజెప్పేది కాదు.

ఇప్పుడు చెప్పేది వీడియో మధ్యలో వస్తోంది గానీ, మీరు చేయాల్సింది మాత్రం అన్నిటికంటే ముందు. డాక్టర్. ఇన్నాళ్లు పద్ధతిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెడితే, కారణం దొరికేదాకా దాన్ని జబ్బుగానే చూడండి. కొంచెం కొంచెంగా మాటిమాటికీ పోస్తోందా, ముక్కుతోందా, రక్తం కనిపిస్తోందా? మూత్రనాళంలో ఇన్ఫెక్షనో, రాళ్లో కావచ్చు. అసలు పోయలేకపోతుంటే గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి పరిగెత్తండి. నీళ్లు విపరీతంగా తాగుతోందా? గిన్నెలో కొలిచి పోయండి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటితే షుగరు, కిడ్నీ, కుషింగ్స్ (ఒంట్లో ఒక హార్మోన్ ఎక్కువై వచ్చే జబ్బు) లాంటివి చూడాలి. దురదకి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా దాహం, మూత్రం పెరుగుతాయి. ఆపరేషన్ కాని ఆడకుక్క, ఎద అయిపోయిన కొన్ని వారాలకి నీరసంగా ఉండి నీళ్లు ఎక్కువ తాగుతుంటే గర్భసంచిలో చీము కావచ్చు, ఇది ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ అయిన ఆడకుక్క పడుకున్నచోట తడి కనిపిస్తే అది పోయడం కాదు, కారిపోవడం. దానికి తెలియనే తెలియదు. మందులతో చాలావాటికి అదుపులోకి వస్తుంది. పొద్దున మొదటి మూత్రం శుభ్రమైన డబ్బాలో పట్టి తీసుకెళ్తే డాక్టర్‌కి పని సులువు. ఖర్చు గురించి వెనకాడేవాళ్లు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో అడగండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

కాలెత్తి నిలువుగా ఉన్న వస్తువుల మీద చుక్కలు చుక్కలుగా పోసే మగకుక్క. అది అర్జెంటు కాదు, బోర్డులు రాసుకోవడం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే చాలా కుక్కల్లో తగ్గుతుంది, అన్నిటిలో కాదు.

మీరు రాగానే ఒంగిపోయి కొంచెం పోసేది ఉంటుంది. అది భయమో, పట్టలేని సంతోషమో. తిడితే పెరుగుతుంది. లోపలికి వచ్చాక అయిదు నిమిషాలు పట్టించుకోకండి, తర్వాత పక్కకి కూర్చుని పలకరించండి.

మీరు ఇంట్లో లేనప్పుడే పోసి, తలుపు గీకి, అరుస్తుంటే అది ఒంటరితనం భయం. దాని చికిత్స వేరు, డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంట్లో నేల మీద పరిచే టాయిలెట్ ప్యాడ్లు. పెద్ద కుక్కకి నాకు నచ్చవు. ప్యాడ్‌కీ డోర్‌మ్యాట్‌కీ తేడా దాని కాళ్లకి తెలియదు. నడవలేని ముసలికుక్క అయితే తప్పదు.

వేళలు: లేవగానే, తిన్న పావుగంట నుంచి అరగంటలో, నిద్ర లేచాక, పడుకునే ముందు. మొదటి రెండు వారాలు పగటిపూట రెండు మూడు గంటలకోసారి. మీ కన్ను పడని సమయంలో ఇల్లంతా వదలకుండా ఒకే గదిలో ఉంచండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఆపకండి, ముఖ్యంగా మన ఎండాకాలంలో.

దీపావళి వారం టపాసులు మొదలయ్యే ముందే సాయంత్రం బయటికి తీసుకెళ్లి వచ్చేయండి. వానలో బయటికి రానంటే గొడుగు పట్టండి, సెల్లార్ వాకిట్లో వాన పడని మూల ఒకటి ముందే అలవాటు చేయండి.

పోస్తుండగా కళ్లబడితే అరవకండి, "రా రా" అని మామూలుగా పిలిచి బయటికి తీసుకెళ్లండి. మిగిలింది అక్కడ పోస్తే ముక్క పెట్టండి. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి తిన్న వేళ, పోసిన వేళ, ఎక్కడ పోసిందో రాస్తూ ఉండండి. వారం తిరిగేసరికి ఏ గంటలో తప్పుతోందో కనిపిస్తుంది, ఆ గంటకి ఇరవై నిమిషాల ముందు గొలుసు తీసుకోండి.