రాంచీ సూపరింటెండెంటు, రెండు సర్టిఫికెట్లు

సుజాత: ఓవెన్ బర్క్‌లీ-హిల్ అనగానే అందరూ ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ దగ్గర ఎత్తుకుంటారు. మనం కాగితాల దగ్గర మొదలుపెడదాం, రఘు గారూ.

రఘు: అదే మంచిదండీ. ఆయన ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టరు. 1919లో రాంచీ యూరోపియన్ లూనాటిక్ అసైలమ్‌కి, అంటే పిచ్చాసుపత్రికి, సూపరింటెండెంటుగా వచ్చాడు. అది తెరిచింది అంతకుముందు ఏడాదే, 174 మందికి చోటు. 1934 దాకా అక్కడే.

సుజాత: పేషెంటు లోపలికి ఎలా వచ్చేవాడు?

రఘు: 1912 లూనసీ చట్టం ప్రకారం. మామూలుగా భర్తో భార్యో, దగ్గరి బంధువో మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టాలి. పెట్టేవాళ్లు అంతకుముందు 14 రోజుల్లోపు రోగిని స్వయంగా చూసుండాలి. జతగా రెండు మెడికల్ సర్టిఫికెట్లు, విడివిడి కాగితాల మీద.

సుజాత: ఎందుకంత పట్టుదల?

రఘు: ఒకరు రాసినదానికి ఇంకొకరు వంత పాడకూడదనే అనుకుంటా. అసలు చిక్కు లోపలుంది. డాక్టరు తాను గమనించినవి వేరుగా, ఇతరులు చెప్పినవి వేరుగా రాయాలి. ‘రాత్రిళ్లు అరుస్తాడట, కంచం విసిరేస్తాడట’ అని విన్నవే నింపితే ఆ సర్టిఫికెట్ చెల్లదు. ‘మతి చలించింది’ అంటే అది అభిప్రాయం. ‘ఇవాళ ఏ వారమంటే చెప్పలేదు, ఎవరూ లేని మూల వైపు తిరిగి జవాబులిస్తున్నాడు’, ఇదీ గమనించడమంటే.

సుజాత: మన విశాఖపట్నం అసైలమ్‌కీ ఇదేనా?

రఘు: ఇదే. అది 1871 నాటిది. ఈ చట్టం 1993లో కొత్తది అమల్లోకి వచ్చేదాకా బతికింది.

సుజాత: మందులో?

రఘు: ఆ కాలంలో ఎక్కడైనా మత్తుమందులే. పారాల్డిహైడ్, బ్రోమైడ్. బ్రోమైడ్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. రోజూ పోస్తే పేరుకుంటుంది. ఉప్పు తక్కువ తినేవాళ్లలో ఇంకా ఎక్కువ. మాట ముద్దయి, తికమక మొదలవుతుంది. జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచారో, అంతే సంగతులు.

సుజాత: అందుకేనా ఆయన పేషెంట్లకి పని కల్పించడం మీద పడ్డాడు?

రఘు: చట్టం ఆయన చేతిలో లేదు, మందు లేదు. పేషెంటు రోజంతా ఎలా గడుపుతాడన్నది మాత్రం ఉంది. 1922లో ఆక్యుపేషనల్ థెరపీ, అంటే పనులు చేయిస్తూ చేసే చికిత్స, పెట్టించాడు, మన దేశంలో అదే మొదటిదంటారు. ఆ ఏడే ‘అసైలమ్’ పోయి ‘మెంటల్ హాస్పిటల్’ అయింది. ఆయన గొప్పతనం ఇక్కడే అంటాను, ఫ్రాయిడ్‌లో కాదు.

సుజాత: హిందువుల మీద ఆయన రాసిన వ్యాసం సంగతి కూడా చెప్పండి మరి.

రఘు: 1921లో హిందువుల మతాన్నీ స్వభావాన్నీ మలవిసర్జనతో ముడిపెట్టి రాశాడు. చదివితే ఒళ్లు మండుతుంది. ఆయన భార్యేమో మలబారు హిందువు!