పై ఫ్లాట్ సౌండ్ నిజంగా పై ఫ్లాట్ నుంచేనా? బెల్ కొట్టే ముందు ఇది చూడండి

హాయ్ అండి. ఇప్పుడు టైమ్ పొద్దున తొమ్మిదిన్నర, పదింటికల్లా మా పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ స్టార్ట్ అవుద్ది, ఇంటీరియర్స్ పని, నెల రోజుల నుంచి నడుస్తోంది, కాబట్టి ఈ అరగంటలోనే వీడియో తీసెయ్యాలి. టాపిక్ కూడా అదేలెండి, అపార్ట్‌మెంట్‌లో సౌండ్ గోల.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. మియాపూర్‌లో అద్దెకున్నప్పుడు మాది మూడో ఫ్లోర్. రోజూ రాత్రి పదకొండు దాటాక "టక్" అని ఒక దెబ్బ, కాసేపాగి మళ్ళీ "టక్ టక్", ఎవరో రోకలి పట్టుకుని స్లాబ్ మీద కొట్టినట్టే. పైన ఉండేది రిటైరైన అంకుల్, ఆంటీ. రెండు నెలలు పళ్ళు బిగబట్టుకుని, ఒకరోజు ఇక నా వల్ల కాక లుంగీ మీదే పైకెళ్ళి బెల్ కొట్టా. అంకుల్ తలుపు తీసి, నేను నోరు తెరిచేలోపే "ఏం బాబూ, ఆ టకటకలు మీ ఇంట్లోవేనా, అడుగుదామా వద్దా అని మేమూ చూస్తున్నాం" అన్నారు!

అంటే వాళ్ళు మమ్మల్ని అనుకుంటున్నారు, మేము వాళ్ళని తిట్టుకుంటున్నాం. చివరికి దొంగని పట్టింది ఆంటీ. స్టీలు గ్లాసు ఒకటి తెచ్చి బోర్లించి గోడకి ఆనించి, దాని అడుగున చెవి పెట్టి ఒక్కో గోడ వింటూ వచ్చారు, బాత్రూమ్ వైపు గోడ దగ్గర ఆగి "ఇదిగో ఇక్కడ" అన్నారు. ఆ గోడ వెనకాల డక్ట్, అంటే పైపులు వెళ్ళే సందు, అందులో పైకి ట్యాంక్‌కి వెళ్ళే పైపు. వాచ్‌మన్ రాత్రి ట్యాంక్ నింపి పదకొండింటికి మోటర్ ఆపుతాడు, ఆపగానే పైపులో పైకెక్కుతున్న నీళ్ళు ఒక్కసారిగా వెనక్కి వస్తాయి, కింద వాటిని ఆపాల్సిన నాన్ రిటర్న్ వాల్వ్ పాడై ఆలస్యంగా దభీమని మూసుకుంటోంది, ఆ దెబ్బకి క్లాంపులు ఊడిన పైపు గోడని కొడుతోంది. ప్లంబర్ వచ్చి వాల్వ్ మార్చి, పైపుకి రబ్బరు పెట్టి క్లాంపులు బిగించాడు, అయిపోయింది. రెండు నెలల పగ!

(స్క్రీన్ మీద: బిల్డింగ్ నిలువు బొమ్మ, పైపు ఎర్ర రంగులో)

ఎందుకిలా అవుద్ది అంటే, సౌండ్ మనింటికి రెండు దారుల్లో వస్తది. ఒకటి గాలిలో, టీవీ, మాటలు, కుక్క అరుపు, ఇవి తలుపు సందులోంచి, కిటికీలోంచి వస్తాయి. రెండోది బిల్డింగ్ ఒంట్లోంచి, అంటే ఎవరో కుర్చీ లాగారు, పిల్లాడు గెంతాడు, మిక్సీ తిరిగింది, ఆ అదురు స్లాబ్‌లోకి వెళ్ళి, స్లాబ్ నుంచి పిల్లర్‌కి, గోడకి పాకుతుంది. కాంక్రీట్ గట్టిది కదా, అదురుని మింగదు, మోసుకెళ్తుంది. ఇప్పుడొచ్చే పెద్ద టవర్లలో మైవాన్ అని ఇటుక లేకుండా గోడలు కూడా కాంక్రీట్‌తోనే పోస్తున్నారు, వాటిల్లో ఎవరైనా డ్రిల్ పెడితే నాలుగైదు ఫ్లోర్లు అవతలున్నోళ్ళకి కూడా నెత్తి మీదే పెట్టినట్టుంటది. అందుకే సౌండ్ పైనుంచి వచ్చినట్టు అనిపించింది కదా అని పైవాళ్ళే అనుకోకండి, పక్కవాళ్ళ పైవాళ్ళు కావచ్చు, కింద గ్రైండర్ కావచ్చు.

సో ఒక వారం పాటు ఫోన్‌లో టైమ్ రాసుకోండి, ఏ రోజు, ఎన్నింటికి, ఎలాంటి సౌండ్, ఏ గదిలో ఎక్కువ. రోజూ అదే టైమ్‌కి వస్తే అది చాలాసార్లు మెషినే, మనిషి కాదు.

ఇంకో విషయం, దీని మీద జనం డబ్బులు బాగా తగలేస్తున్నారు. గుడ్ల ట్రేలా ఉండే ఫోమ్ షీట్లు గోడకి అంటిస్తారు చూడండి, అవి మీ గదిలో ఎకో తగ్గిస్తాయి అంతే, పక్కింటి సౌండ్‌ని ఆపవు. పీఓపీ ఫాల్స్ సీలింగ్ కూడా పైనుంచి వచ్చే అడుగుల చప్పుడుకి పెద్దగా పనిచెయ్యదు. అదురుని పుట్టినచోటే ఆపాలి, అదే చవక. పైవాళ్ళ డైనింగ్ కుర్చీల కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు, అంటే మెత్తటి మందపాటి బట్ట ముక్కలు, అంటించడం, పిల్లలు ఆడే చోట మందపాటి మ్యాట్, మిక్సీ కింద రబ్బరు షీటు, వాషింగ్ మెషిన్ నాలుగు కాళ్ళూ లెవెల్‌గా ఉన్నాయో లేదో చూడటం, ఇంతే. కానీ ఇవన్నీ వాళ్ళ ఇంట్లో చెయ్యాల్సినవి, అంటే వాళ్ళతో మాట్లాడక తప్పదు.

ఇక్కడే మనోళ్ళు చెడగొట్టుకుంటారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో "సమ్ పీపుల్ హావ్ నో సివిక్ సెన్స్" అని పెడతారు, అందరికీ తెలుసు ఎవర్ని అన్నారో, ఇక ఆ ఇంటోళ్ళు ఫెల్ట్ కాదుకదా కావాలని ఇంకో రెండు కుర్చీలు లాగుతారు. వాచ్‌మన్‌తో చెప్పించడం కూడా వద్దు, పాపం అతనేం చెప్తాడు. కోపంలో కాదు, మర్నాడు సాయంత్రం వెళ్ళండి. నేనైతే ఇలా అడుగుతా, "అక్కా, ఒక్క రెండు నిమిషాలు మా బెడ్‌రూమ్‌లో కూర్చుంటారా, పైన బాబుని మామూలుగా ఆడుకోమనండి, మీరే వినండి." చాలామందికి నిజంగా తెలీదండి, వాళ్ళింట్లో అది చిన్న చప్పుడే, కింద వింటేనే అది దెబ్బ.

అయినా వినకపోతే అసోసియేషన్‌కి రాసి ఇవ్వండి, నోటితో చెప్పడం కాదు. డ్రిల్లింగ్ పనులకి టైమింగ్స్, ఆదివారం పని బంద్, ఇలాంటి రూల్స్ చాలా అసోసియేషన్లలో ఆల్రెడీ ఉంటాయి, ఎవరూ చదవరు అంతే.

(స్క్రీన్ మీద: పగలు 55, రాత్రి 45)

ఇక చట్టం. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన కేంద్ర రూల్స్ ఉన్నాయి, ఇళ్ళుండే ఏరియాలో సౌండ్ పగలు 55 డెసిబెల్స్, అంటే సౌండ్ కొలిచే లెక్కలెండి, రాత్రి 45 దాటకూడదు, రాత్రి అంటే పదింటి నుంచి పొద్దున ఆరు దాకా. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే 60 దాకా ఉంటుంది, అంటే 45 ఎంత తక్కువో చూడండి. లిమిట్ కన్నా 10 డెసిబెల్స్ దాటితే కంప్లైంట్ చెయ్యొచ్చని అందులోనే ఉంది. టెర్రస్ మీద బర్త్‌డే అని పదకొండింటికి డీజే పెడితే "మా బిల్డింగ్, మా ఇష్టం" కుదరదు, 100కో 112కో ఫోన్ చెయ్యండి. పండగలకి ప్రభుత్వం పన్నెండు దాకా పర్మిషన్ ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. కానీ మూడేళ్ళ పాప ఇంట్లో పరిగెత్తుతోందని పోలీసులకి చెయ్యకండి ప్లీజ్, వాళ్ళొచ్చి చేసేదేం లేదు, మీకు లిఫ్ట్‌లో జీవితాంతం ఇబ్బంది.

అన్నట్టు మర్చిపోయా, తర్వాత ఇంకో రోజు అదే గ్లాసుతో ఆంటీ ఇంకోటి కూడా కనిపెట్టారు. పొద్దున ఐదున్నరకి వాళ్ళ వంటింటి గట్టు అదిరేది నా మిక్సీకంట, నేను ఉద్యోగానికి తొందరగా వెళ్ళాలని చట్నీ అప్పుడే వేసేవాణ్ణి. నవ్వుతూనే చెప్పారు. ఆ సాయంత్రమే పాత యోగా మ్యాట్ కోసి, మూడు మడతలేసి మిక్సీ కింద పెట్టా, ఇప్పటికీ అదే ఉంది, చూపిస్తా ఆగండి...

అదిగో, మొదలెట్టేశాడు. ఇంకా పది నిమిషాలు ఉందే! మైక్ ఆపేస్తున్నా అండి, ముందు వెళ్ళి టైమింగ్స్ గుర్తు చేసొస్తా.