వేట మానిన ఊరు ఖొనోమా

శ్రోతలకు నమస్కారం.

కొండ మీది ఊరికి వెళ్లొద్దామంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది వ్యూ పాయింట్. కారు ఆపడం, నాలుగు ఫొటోలు, ఒక టీ, తిరుగు ప్రయాణం. ఇలా వెళ్తే ఏమీ కనబడని ఊరొకటి నాగాలాండ్‌లో ఉంది. పేరు ఖొనోమా. రాజధాని కోహిమా నుంచి సుమారు 20 కిలోమీటర్లు. అరగంటలో చేరిపోతాం అనుకోకండి, అది కొండ రోడ్డు. పైగా గతుకులు.

ఇది అంగామీ నాగాల ఊరు. ఇళ్లన్నీ కొండ వెన్ను మీద, వరి మడులన్నీ కింద లోయలో. అంత ఎత్తున ఊరు కట్టుకున్నది చల్లగాలి కోసం కాదు, శత్రువు దూరాన ఉండగానే కనబడాలని. శత్రువులకు కొదవా లేదు. 1879 అక్టోబర్‌లో డామంట్ అనే బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసర్ సిపాయిలను వెంటబెట్టుకుని వస్తే, ఊరి ద్వారం దగ్గరే కాల్చి చంపారు. అంతటితో ఆగకుండా కోహిమాలోని బ్రిటిష్ శిబిరాన్నే ముట్టడించారు. నవంబర్‌లో సైన్యం ఫిరంగులతో ఖొనోమా మీద పడింది. ఊరు చేజారాక కూడా యోధులు పై కొండల్లోని కోటల్లోకి చేరి, 1880 మార్చి దాకా లొంగలేదు. సెమోమా కోటకు రాతి మెట్లెక్కి వెళ్లవచ్చు. ఆ పోరులో చచ్చిపోయిన బ్రిటిష్ అధికారుల స్మారకం కూడా ఊళ్లోనే ఉంది. గెలిచినవాళ్లు రాయించిన ఆ రాతిని ఓడినవాళ్ల మనవలు పీకేయకుండా ఉంచడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. నాగా జాతీయోద్యమ నాయకుడు ఫిజో పుట్టింది కూడా ఈ ఊళ్లోనే.

ఊళ్లోకి చెక్కుడు పని చేసిన చెక్క ద్వారాల గుండా వెళ్లాలి. సందుల్లో నడుస్తుంటే వలయాకారంలో పేర్చిన రాతి అరుగులు కనిపిస్తాయి. మన రచ్చబండలాగే ఊరి మంచీచెడూ అక్కడే తేలేవి.

కోట చూసి వెనక్కి తిరిగేవాళ్లు అసలు సంగతి వదిలేసినట్టే. పొలాల్లోకి దిగాలి. నాగా కొండల్లో పోడు వ్యవసాయం మామూలే. చెట్లు కొట్టి, కాల్చి, రెండేళ్లు పండించి, నేల నీరసించాక వదిలేసి ఇంకోచోటికి పోతారు. ఖొనోమావాళ్లు ఆల్డర్ చెట్టుతో దీన్ని ఒక దారికి తెచ్చారు. చెట్టును మొదలంటా నరకరు. మనిషి ఎత్తున మొండెం మిగిల్చి, పై కొమ్మలు మాత్రమే కొడతారు. కోసిన చోట కొన్నాళ్లకే గుత్తులుగా చిగుళ్లు వస్తాయి. ఎన్నోసార్లు నరికించుకున్న ముసలి చెట్ల దగ్గర నిలబడి చూడండి. కాండం తల దగ్గర ఉబ్బి, బుడిపెలు బుడిపెలుగా, పిడికిలి బిగించినట్టు ఉంటుంది. అసలు పనంతా వేళ్లలో జరుగుతుంది. వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందిస్తుంది, రాలిన ఆకు ఎరువవుతుంది. అందుకే మిగతా చోట్ల కంటే ఇక్కడ పొలాన్ని తక్కువ ఏళ్లు బీడు పెడితే సరిపోతుంది. ఈ కిటుకు ఏ వ్యవసాయ శాఖా వచ్చి నేర్పింది కాదు.

ఇక వేట. తరతరాలుగా ఇది వేటగాళ్ల ఊరు. ఇంటింటా తుపాకీ, గోడల మీద జంతువుల పుర్రెలు. 1993లో ఒకే వారంలో మూడు వందల ట్రాగోపాన్ పిట్టల్ని చంపారని చెప్పుకుంటారు. తర్వాత ఊళ్లోనే వాదోపవాదాలు మొదలయ్యాయి. నాగాలాండ్‌లో అడవుల్లో చాలా భాగం సర్కారుది కాదు, ఊళ్లది, వంశాలది. కాబట్టి ఎవరైనా నిర్ణయం తీసుకోవాలంటే ఊరే తీసుకోవాలి. 1998లో విలేజ్ కౌన్సిల్ సుమారు 20 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించింది. ఊరి హద్దులన్నిటిలో వేట బంద్. మీరితే జరిమానా. పెద్దలకు ఇది రుచించే మాటేనా? తాత దగ్గర గురి చూడటం నేర్చుకున్నవాడికి తుపాకీ మూలన పెట్టమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా మాట నిలబడింది. 2005లో దేశపు తొలి గ్రీన్ విలేజ్ అన్న పేరూ వచ్చింది.

ఆ పిట్ట పూర్తి పేరు బ్లైత్స్ ట్రాగోపాన్, నాగాలాండ్ రాష్ట్ర పక్షి. అడవికోడి బంధువే. మగదానికి తల, మెడ ఎర్రగా నిప్పులా ఉంటాయి, ముఖం మీద ఈకల్లేని పసుపు చర్మం, పొట్ట బూడిద రంగు. ఇంత రంగు వేసుకుని కూడా పొదల్లో దాక్కుంటే కనబడదు. ఏప్రిల్‌లో తెల్లవారుజామున అరుపు వినే అవకాశం ఎక్కువ. కనబడుతుందని మాత్రం ఏ గైడూ హామీ ఇవ్వడు, ఇస్తే నమ్మకండి.

గైడ్‌ను ఊళ్లోనే మాట్లాడుకోండి. అడవి వాళ్లది, తోవలు వాళ్లకే తెలుసు, మీరిచ్చే డబ్బు ఆ అడవి కాపలాకూ పనికొస్తుంది. ఓపిక లేనివాళ్లు మడుల గట్ల మీద నడిచినా చాలు, అదీ మంచి వ్యాయామమే. గట్లు సన్నం, కింద బురద, పట్టున్న బూట్లు వేసుకోండి. దగ్గర్లోని జూకో లోయ గురించి చాలామంది అడుగుతారు. ఆ ట్రెక్ మామూలుగా జఖామా, విశ్వేమా ఊళ్ల నుంచి మొదలవుతుంది, దానికి వేరే రోజు పెట్టుకోవాలి.

రాత్రికి హోమ్‌స్టేలో ఉండండి. అన్నం, ఉడికించిన ఆకుకూరలు, పొగబెట్టిన మాంసం పెడతారు. రాజా మిర్చి పచ్చడి మాత్రం గోటితో తీసుకుని చూడండి, కారం మనకో లెక్కా అన్న ధీమా అక్కడ పనికిరాదు. ఇంగ్లిష్‌తో, అక్కడి వాడుక భాష నాగామీస్‌తో నెట్టుకురావచ్చు. ఆదివారం ఊరంతా చర్చిలో ఉంటుంది, ఆ రోజు గైడ్‌ కోసం తిరగడం వృథా. రాష్ట్రంలో మద్యనిషేధం ఉంది.

అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా వెళ్లడానికి అనువైన కాలం. వానల్లో కొండచరియలు విరిగిపడి రోడ్లు మూతపడతాయి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, కాబట్టి నడకలన్నీ ఉదయమే పెట్టుకోండి. రైలైనా విమానమైనా దిమాపూర్‌లో దిగి, అక్కడి నుంచి కోహిమా మీదుగా వెళ్లాలి. నాగాలాండ్‌లో అడుగుపెట్టడానికి మన దేశస్థులకు కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. 1873 నాటి బ్రిటిష్ రెగ్యులేషన్ ఇప్పటికీ అమల్లో ఉంది మరి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. టికెట్లు బుక్ చేసిన వెంటనే ఆ పని కూడా పూర్తి చేసి, ప్రింట్ ఒకటి చేతి సంచిలో పెట్టుకోండి. కొండల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకుని చెక్‌పోస్టు దగ్గర నిలబడితే టెన్షన్ తప్పదు.

నమస్కారం.