ల్యాబ్ తలుపు భాషా అధ్యాపకులకూ తెరవండి

అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చిన తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు అధ్యాపక మిత్రులకు నమస్కారం. శాలువా వద్దన్నా కప్పారు, సంతోషం. విషయానికి వస్తాను.

ఈ శిక్షణకు 'డిగ్రీ భాషా తరగతుల్లో సాంకేతికత' అన్నారు. ఇలాంటి శిక్షణలు చాలా చూశాను. పవర్‌పాయింట్ తెరుస్తారు, ఉదాహరణలన్నీ ఇంగ్లీషువే. సాయంత్రానికి గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. ఒకచోట లేచి అడిగినాను: "అయ్యా, నా పాఠం తెలుగులో ఉంది, దీంట్లో ఎట్ల పెట్టాల?" "ఫొటో తీసి పెట్టేయండి సార్" అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. చూపులేని పిల్లవాడికి పాఠం చదివి వినిపించాల్సిన స్క్రీన్ రీడర్‌కు అది ఉత్త బొమ్మ!

ఏ కంప్యూటర్లో తెరిచినా అదే అక్షరం కనిపించేట్టు ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మన ప్రశ్నపత్రాలు, నోట్సు మాత్రం ఏళ్ల తరబడి యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలోనే కొట్టించుకున్నాం. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే వేమన పద్యం ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు. పాత ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టుకునే ఉర్దూ మిత్రులదీ ఇదే బాధ. పాత ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చడం, మార్చాక చెదిరిన ఒత్తులు సరిచూసుకోవడం, ముందు ఇవి నేర్పండి.

ఇంకొకటి, కొంచెం ఓపిక పట్టండి. తరగతి నిండా పిల్లలుంటే ఆటవెలది పద్యం ఎందరిచేత చదివించగలం? వాట్సాప్‌లో చదివి పంపమన్నాను. పల్లె నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి, తరగతిలో నోరు విప్పేదే కాదు, పంపింది. మూడు గణాలయ్యాక యతి దగ్గర విరవకుండా ఒక్క ఊపున చదివేసింది. ఆ పాదం నేను చదివి పంపాను. రాత్రికి మళ్లీ పంపింది, యతి దగ్గర చక్కగా విరిచి! అన్ని గొంతులు ఓపిగ్గా వినేదెట్లా, మార్కులు వేసేదెట్లా, ఫోను లేని పిల్లల సంగతేంది? శిక్షణలో మాట్లాడాల్సింది ఇవి కదా.

ఇది కడపండీ! 1820లో ఇక్కడికొచ్చిన బ్రౌన్ దొర తర్వాత తన బంగళాలో పండితులను, లేఖకులను సొంత డబ్బుతో పెట్టుకుని తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఇప్పటి బ్రౌన్ గ్రంథాలయం ఉన్నది ఆ స్థలంలోనే. ఏళ్లపాటు పండితుల చేతుల మీదుగా సాగిన పని అది. రెండు రోజుల శిక్షణతో మనకెట్ల సరిపోతుంది? ఏడాది పొడుగునా నెలకొక పూట పెట్టండి. ఎవరి పాఠం వాళ్లు తెచ్చుకోవాల, ఎవరి చేత్తో వాళ్లు కొట్టాల.

ప్రిన్సిపాల్ గారూ, మీ ల్యాబ్ కంప్యూటర్ సైన్సు వాళ్లకే అన్నారు. రేపు పొద్దున నాకిచ్చిన గంటన్నర ఉపన్యాసం రద్దు చేసి, ఆ ల్యాబ్ తాళం ఇప్పించండి. మిత్రులారా, తలా ఒక పాత ప్రశ్నపత్రం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తొమ్మిదికల్లా రండి.