మొదటి పంట మట్టికే
(పెరట్లో కూరగాయల తోట మొదలుపెట్టాలనుకునేవారి కోసం తిరుపతిలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రోహిణి కార్తె ఎండల్లో, మట్టి గురించి వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు. ఫ్యాన్ల కింద కుర్చీలు నిండిపోయాయి, వెనకున్నవాళ్లు నన్ను తిట్టుకోకండి.

నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను, బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. మా ఇంటి పక్కన రెండు సెంట్ల ఖాళీ స్థలం పన్నెండేళ్లు అలాగే పడి ఉండింది. ఇల్లు కట్టినప్పటి కంకర, ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు అన్నీ అక్కడే. మిగతా చోటంతా వయ్యారిభామ, తుంగ. రిటైరైన నెలలోనే ఉత్సాహం పట్టలేక, గడ్డి పీకించి, ఒక ట్రాక్టర్ ఎరువు తోలించి, వంగనారు, టమాటనారు నాటేశాను. నెల తిరిగేసరికి మొక్కలు ఒక్కొక్కటే తల వేలాడేశాయి. నీళ్లు చాల్లేదేమోనని ఇంకా పోశాను. ఒకరోజు వాడిన వంగమొక్కను పట్టుకుంటే వెన్నలో వెంట్రుకలా ఊడి వచ్చింది. వేళ్లు లేవు! అక్కడ తవ్వితే తెల్లగా, లావుగా, వంకర తిరిగి పడుకున్న పురుగులు. వేరుపురుగులు. పచ్చి పేడతో పాటు వచ్చాయి. "బాగా చివికిందే సార్" అన్నాడు తోలినాయన. నేను చేత్తో పట్టి చూడలేదు. తప్పు నాదే.

చివికిన ఎరువు గుప్పెట్లో పొడిపొడిగా, నల్లగా ఉంటుంది. పేడ కంపు ఉండదు, తొలివాన పడ్డప్పుడు వచ్చే వాసన వస్తుంది. కుప్పలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందా, అదింకా ఉడుకుతోందని అర్థం. వెనక్కి పంపండి, లేదంటే తడిపి, కప్పి మూడు నెలలు ఓ మూల వదిలేయండి.

ఇప్పుడు ఈ సీసా చూడండి. నిన్న సాయంత్రం మా పెరటి మట్టి మూడో వంతు వేసి, నీళ్లు నింపి, గట్టిగా కుదిపి పెట్టాను. అడుగున ఇంత మందాన ఉన్నది ఇసుక, ఒక్క నిమిషంలోనే దిగిపోయింది. దాని మీద సన్నటి ఒండ్రు పొర. ఆ పైన వేలి గోరంత మందం కూడా లేనిది బంకమట్టి, అది దిగడానికి రాత్రంతా పట్టింది. నీళ్ల మీద నాలుగు నల్లటి నలుసులు తేలుతున్నాయే, అవే కుళ్లిన ఆకూ అలమూ. మన మట్టిలో కరువు వాటికే. శేషాచలం కొండల కింద మనకున్నవి ఎక్కువగా ఎర్ర నేలలు. ఆ ఎరుపు ఇనుము తుప్పుది, దాంతో ఏ చిక్కూ లేదు. ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నీళ్లూ నిలవవు, పోసిన బలమూ నిలవదు. అందుకే యూరియా గురించి అడిగేవాళ్లకు ఒక మాట. అది విషమేం కాదు, అందులో 46 శాతం నత్రజని. కానీ పట్టి ఉంచే పదార్థం లేని ఇసుక నేలలో రెండు తడులు ఇచ్చేసరికి చాలావరకు కిందికి జారిపోతుంది. ఓటికుండలో పాలు పోసినట్టే.

మట్టి పరీక్ష చేయించండి. పది చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో ఇస్తే చాలు. రిపోర్టులో సేంద్రియ కర్బనం, అంటే ఆకూ అలమూ కుళ్లి మట్టికి ఇచ్చిన కర్బనం ఎంతుందో చూడండి, అర శాతం లోపుంటే తక్కువని లెక్క. గోడ వార మట్టిని వేరే పొట్లం కట్టండి. మా ఇంట్లో అక్కడే పీహెచ్, అంటే మట్టి ఆమ్ల క్షార గుణాల కొలత, 8 దాటింది, సిమెంటు పెచ్చుల పుణ్యం. ఏరగలిగినంత ఏరి, ఆ చోటు గోంగూరకు వదిలేశాను. దానికి పట్టింపు తక్కువ.

నేలను శుభ్రం చేసేటప్పుడు నిప్పు పెట్టకండి. వయ్యారిభామను పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకండి, దాంతో కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. పూత పట్టినదాన్ని కంపోస్టులో వేయొద్దు. తుంగకు మాత్రం ఓపిక కావాలి. పైన కోస్తే నవ్వుకుంటుంది, కింది గడ్డ తీయాల్సిందే. తీసినా వస్తుంది, మళ్లీ తీయాలి. ముందురోజు బాగా తడిపి, మర్నాడు గడ్డపారతో జానెడు లోతు వదులు చేస్తే చాలు. ఎండు నేల మీద పడి నడుం విరగ్గొట్టుకోవద్దు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. మొదటి రెండు మూడు నెలలు వంటింటి కోసం ఏమీ నాటకండి. పచ్చిరొట్ట ఎరువుగా పనికొచ్చే జనుము గింజలు చల్లండి, సెంటుకు 200 గ్రాములు. చల్లేముందు కిలో సూపర్ ఫాస్ఫేట్ మట్టిలో కలిపితే వేళ్లు బాగా దిగుతాయి. నెల రోజులయ్యాక ఒక మొక్క పీకి చూడండి. వేళ్లకు ఆవగింజల్లా బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల లేత గులాబీ రంగు కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని మట్టికి తెచ్చే బాక్టీరియా అక్కడ పనిలో ఉందన్న గుర్తు. 45 రోజులకు, పూత మొదలవగానే, కోసి ముక్కలు చేసి మట్టిలో కలిపేయాలి. ఆగితే కాడ నార కడుతుంది, తొందరగా కుళ్లదు. పచ్చగా, నిలువెత్తు పెరిగినదాన్ని కోసేస్తుంటే మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కలిపాక మూడు వారాలు ఆగండి. అప్పుడు సెంటుకు 200 కిలోల చివికిన ఎరువు, అంటే పది పెద్ద తట్టలు, రెండు కిలోల వేపపిండి వేయండి. మన జిల్లాలో చెనక్కాయల పొట్టు చవగ్గా దొరుకుతుంది కదాని కొందరు మట్టిలో కలిపేస్తారు. పచ్చిది కలిపితే, దాన్ని అరిగించుకోవడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినే లాగేసుకుంటాయి, ఆకులు పసుపెక్కుతాయి. మొక్కల మొదట్లో పైపైన పరచండి, ఎండకు తేమ పోకుండా కాపాడుతుంది. జీవామృతం, అదే ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి నీళ్లలో పులియబెట్టే ద్రావణం, చేసుకునేవాళ్లు చేసుకోండి, పోయండి. ఎరువుకు బదులుగా మాత్రం దాన్ని లెక్కేసుకోవద్దు.

ఆగస్టు చివరికి నేల తయారవుతుంది. తోటకూర, బెండ, గోరుచిక్కుడు, అలసందలతో మొదలుపెట్టండి. టమాట మీద అంత తొందరెందుకు, మదనపల్లె మార్కెట్ మనకు దగ్గరేగా! మళ్లను జానెడు ఎత్తు లేపి కట్టండి. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2021 నవంబరు వరదల్లో మన వీధులు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

బయట బల్ల మీద జనుము పొట్లాలు పెట్టాను, ఒక్కోటి ఒక సెంటుకు సరిపోతుంది. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఒక వాన పడ్డాక చల్లండి. ఆ సీసా మాత్రం తీసుకెళ్లకండి, మా ఆవిడ ఆవకాయ సీసా అది.