వంటామె వద్దంటే వడ్డన ఆగాలి

సర్పంచ్ గారికి, కమిటీ పెద్దలకు, మహిళా సంఘం అక్కచెల్లెళ్లకు నమస్కారం. శాలువా వద్దన్నాను, అయినా కప్పారు. సరే. గట్టు జాతరలో మన ఊరు పెట్టే అన్నదానం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. శుభ్రత గురించి ఆశా కార్యకర్త చెప్పేసింది. నాది వేరే ప్రశ్న: ఎవడైనా కావాలని అన్నంలో విషం కలిపితే?

నవ్వకండి. 2018 డిసెంబరులో కర్ణాటకలో, చామరాజనగర్ జిల్లా సుళ్వాడి మారమ్మ గుడి ప్రసాదంలో పురుగుల మందు కలిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. బయటివాళ్లు కాదు, గుడి పెత్తనం గొడవే కారణమని పోలీసుల కేసు. 1984లో అమెరికాలోని ఒరెగాన్‌లో రజనీష్ ఆశ్రమం వాళ్లు హోటళ్ల సలాడ్లలో సాల్మొనెల్లా క్రిములు కలిపితే 751 మంది మంచం పట్టారు. ఎందుకూ అంటే, స్థానిక ఎన్నికల్లో జనం ఓటుకు రాకూడదని! మనకు ఎన్నికల పగలు లేవా? పత్తి వేసే ఊళ్లో మందు డబ్బా దొరకని ఇల్లుందా?

బీహార్‌లో ఛప్రా దగ్గరి బడి సంగతి వేరు. 2013లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. నూనె తేడాగా ఉందని వంటామె ముందే చెప్పింది. వండమన్నారు.

నా బాధంతా ఇక్కడే. పోయినేడు ఒక ఫంక్షన్‌లో పెరుగు వాసన బాగాలేదని వంటామె అంటే, "జనం కూర్చున్నరు, నీకేం తెలుసు?" అని ఒక పెద్దమనిషి కసిరాడు. పొద్దటి నుంచి పొయ్యి దగ్గర ఉన్న మనిషికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందయ్యా? చివరికి పెరుగు పారబోశారు. ఎప్పుడు? ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాక.

అందుకే అడుగుతున్నా, వంటామె వద్దంటే వడ్డన ఆగాలి. సర్పంచ్ గారు చెప్పినా సరే, మళ్లీ మొదలుకాకూడదు. ఫొటో కోసం గంటె పట్టే నాయకులను తాడు అవతలే నిలబెట్టండి. నీళ్ల ట్యాంకు మూతకు తాళం వేయండి. ప్రతి వంటకం కొంచెం డబ్బాలో తీసి ఫ్రిజ్‌లో దాచండి. ఎవరికైనా వాంతులైతే వెంటనే 108కి ఫోన్ చేయండి, మిగిలిన అన్నం పారబోయకండి, పరీక్షకు అదే కావాలి. అంతేగానీ అనుమానమొచ్చిందని ఎవరో కొత్త మనిషిని చెట్టుకు కట్టేయడం, వాట్సాప్‌లో ఒక కులం పేరో మతం పేరో తిప్పడం చేయొద్దు. పోలీసులకు చెప్పండి.

కమిటీ వాళ్లూ, సరుకుల గది తాళం ఇద్దరి చేతిలోనే ఉండాలి. ఆ ఇద్దరెవరో టీ తాగే లోపే రిజిస్టర్‌లో రాయండి. ఒకరు వంటామె అయి ఉండాలి.