సెకండాఫ్ ఎక్కడ జారిందో చెప్పండి

అందరికీ నమస్కారం.

మన హైదరాబాద్‌లో శుక్రవారం మధ్యాహ్నానికల్లా సినిమా జాతకం తేలిపోతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షో వదిలేసరికి గేటు దగ్గర మైకులు, ఫోన్లు సిద్ధంగా ఉంటాయి. ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’, అంటే సాగదీశారన్న మాట, మ్యాట్నీ మొదలయ్యే లోపే ఊరంతా తిరిగేస్తుంది. ఏళ్ల తర్వాత అదే సినిమా రీరిలీజ్ అయితే అదే క్రాస్‌రోడ్స్‌లో తెర ముందు డాన్సులు. అప్పుడు వినపడే మాట ‘ఆ రోజుల్లో జనానికి అర్థం కాలేదు’. రెండూ తొందరపాటు మాటలే. మొదటి మాట సినిమాకి అన్యాయం చేస్తే, రెండోది డబ్బు పెట్టి టికెట్ కొన్న ప్రేక్షకుడికి చేస్తుంది. ఎగుడుదిగుడుగా ఉన్న సినిమాని ప్రేమించేవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది: అది ఎక్కడ నిలబడిందో, ఎక్కడ జారిందో నిమిషాలతో సహా చెప్పగలగాలి. ఇవాళ మాట్లాడబోయేది ఆ పని గురించే.

ముందు ఒక తేడా గమనించండి. కొన్ని సినిమాలు జనం పెద్దగా చూడకుండానే వెళ్లిపోయాయి. దేవా కట్టా తీసిన ‘ప్రస్థానం’ (2010) అలాంటిది. ఇంకొన్ని జనం ఎగబడి చూసి, పెదవి విరిచినవి. 2010లోనే వచ్చిన ‘ఖలేజా’, ‘ఆరెంజ్’, 2014 సంక్రాంతికి వచ్చిన ‘1: నేనొక్కడినే’ ఆ రెండో కోవలోవి. వీటి విషయంలో ‘అండర్‌రేటెడ్’ అని ఊరుకుంటే కుదరదు. చూసినవాళ్లకు నచ్చలేదంటే కారణం కొంత తెర మీద, కొంత తెర బయట ఉంటుంది. ‘అతిథి’ తర్వాత మహేశ్‌బాబు సినిమా కోసం మూడేళ్లు ఎదురుచూసిన అభిమాని ‘ఖలేజా’కి వచ్చాడు. రామ్‌చరణ్ అభిమాని ‘మగధీర’ చూసిన కళ్లతోనే ‘ఆరెంజ్’కి వచ్చాడు. ఆ అంచనాల బరువు కాలంతో పాటు దిగిపోతుంది. తెర మీది లోపం మాత్రం ఎక్కడికీ పోదు.

‘ఖలేజా’ని కాస్త దగ్గర నుంచి చూద్దాం. అందులో రెండు కథలున్నాయి. ఒకటి, అంతుపట్టని చావులతో అల్లాడుతూ దేవుడి కోసం ఎదురుచూసే పాలి అనే ఊరి కథ. రెండోది, నోటికి అదుపు లేని టాక్సీ డ్రైవర్ రాజు కథ. రాజు కథకి వేగం కావాలి, ఊరి కథకి నిదానం కావాలి. రాజస్థాన్ ఎడారిలో రాజు, హీరోయిన్ సుభాషిణి పోట్లాడుకుంటుంటే త్రివిక్రమ్ మాట పరుగులు తీస్తుంది. అక్కడి నుంచి ఊరి దుఃఖంలోకి వెళ్లగానే అదే ప్రేక్షకుడు ఉన్నట్టుండి గొంతు తగ్గించుకోవాలి. తాను దేవుణ్ణి కాదని మొత్తుకునే మనిషి మెల్లగా ఆ భారం భుజాన వేసుకోవడం సినిమాలోకెల్లా గొప్ప ఆలోచన. ఆ మార్పుకి దక్కాల్సిన సమయాన్ని గనుల వ్యాపారి ముఠా సీన్లు తినేశాయి. విలన్‌కి డబ్బు తప్ప వేరే కోరిక లేదు కాబట్టి ఆ సీన్లలో మనకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. చాలామంది సెకండాఫ్ బాగాలేదంటారు. నా లెక్కలో సెకండాఫ్‌లో రాజుకీ ఊరివాళ్లకీ మధ్య జరిగేవన్నీ బాగున్నాయి. విలన్ వైపు కెమెరా తిరిగినప్పుడల్లా సినిమా కూలబడుతుంది.

మరి ఇదే సినిమా టీవీలో ఎందుకంత ఆడింది? టీవీలో ఎవరూ మొదటి నుంచి చివరిదాకా కదలకుండా కూర్చోరు. ప్రకటనల మధ్య పది, పన్నెండు నిమిషాల ముక్కలుగా చూస్తారు. ‘ఖలేజా’లో ఏ కామెడీ సీను చూసినా మొదలూ ముగింపూ దానిలోనే ఉంటాయి. ముక్క ముక్కగా చూసేవాడికి రెండు కథల మధ్య అతుకు కనపడదు. థియేటర్‌లో ఇబ్బంది పెట్టిన లోపాన్ని టీవీ కప్పేసింది. 2025 మే 30న రీరిలీజ్‌కి వచ్చినవాళ్లకు ప్రతి డైలాగూ కంఠతా వచ్చు. అందుకే ఆ హంగామా చూసి ‘మొదటిసారి చూసినవాళ్లది తప్పు’ అని తేల్చేయకూడదు.

ఇప్పుడు పద్ధతి. మొదటిసారి చూసేటప్పుడు ఏమీ రాయకండి, సినిమా చూడండి. రెండోసారి ఇంట్లో చూసేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: సీను మొదలైన సమయం, ఆ సీను ఎవరిది, సీను మొదట్లో లేనిది చివరికి ఏం చేరింది, పాటా ఫైటా కామెడీయా. అసలైన గడి మూడోదే. ఒక నిజం బయటపడటం, ఒకరి మనసు మారడం, ఒక దారి మూసుకుపోవడం, వీటిలో ఏదున్నా రాయండి. ఏదీ లేకపోతే ఖాళీగా వదిలేయండి. వరసగా మూడు సీన్లకు ఆ గడి ఖాళీగా ఉంటే ల్యాగ్ అక్కడుంది. సీను నిడివి ఆరు నిమిషాలా, ఒకటిన్నర నిమిషమా అన్నది తర్వాతి సంగతి. పాటలకూ ఇదే పరీక్ష. పాటకు ముందు సీను, తర్వాతి సీను పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో ఏదీ పోలేదనిపిస్తే ఆ పాట కథలో లేదు, ఎంత మంచి బాణీ అయినా సరే.

ఇందులో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. విసుగు పుట్టిన సీనునే దోషిగా నిలబెడతారు. గంటా యాభై నిమిషాల దగ్గర విసుగు పుట్టిందంటే, ముప్పయ్యో నిమిషంలో నాటాల్సినది నాటలేదేమో చూడాలి. మన సినిమాకి ఇంటర్వెల్ బ్యాంగ్, అంటే విశ్రాంతికి ముందు పడే పెద్ద మలుపు, తప్పనిసరి అయిపోయింది. దానికోసం అసలు సమస్యని దాచిపెట్టి, మొదటి గంటని ప్రేమ ట్రాక్‌తో, కామెడీతో నింపుతారు. బ్యాంగ్ పడ్డాక అది ఎందుకు పడిందో చెప్పడానికి అరగంట ఫ్లాష్‌బ్యాక్ నడుస్తుంది. అంతసేపూ వర్తమానంలో కథ కదలదు. మనం సెకండాఫ్ మీద పెట్టే కేసుల్లో చాలావాటికి ముద్దాయి ఫస్టాఫే.

‘ఆరెంజ్’ కాగితం వేరుగా ఉంటుంది. ప్రేమ జీవితాంతం నిలవదని హీరో, నిలవాలని హీరోయిన్. వాదన కొత్తది, నిజాయితీ ఉన్నది. కానీ ఇద్దరూ అదే వాదనని అదే స్థాయిలో మళ్లీ మళ్లీ చెబుతారు. మూడో గడిలో రాసిందే రాయాల్సి వస్తుంది. హారిస్ జయరాజ్ పాటలు ఆ సంగతి చాలాసేపు తెలియనివ్వవు.

‘1: నేనొక్కడినే’ సంగతి కాస్త పెద్దది. హీరో తన తల్లిదండ్రుల్ని చంపినవాళ్లలో ఒకణ్ణి చంపానంటాడు, తీరా చూస్తే అక్కడ ఎవరూ లేరు. మొదట్లోనే తెర మీద కనపడేదాన్ని నమ్మొద్దని చెప్పిన కమర్షియల్ సినిమా అది. ఆ సాహసానికి సుకుమార్‌కి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అయితే పండగకి కుటుంబంతో వచ్చినవాళ్లకి ఆ పజిల్ బరువైపోయింది. విడుదలయ్యాక దాదాపు 20 నిమిషాలు ట్రిమ్ చేశారు. రీళ్ల కాలంలో అయితే ఇది పెద్ద పని: 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, 20 నిమిషాలంటే 1800 అడుగులు, ప్రతి ప్రింటులోనూ విడిగా కోయాలి. ఇప్పుడు ఫైలు మారిస్తే సరి. పని తేలికైంది గానీ ఫలితం మాత్రం అంతే. నిడివి తగ్గినంత మాత్రాన ల్యాగ్ పోదు. పజిల్ సినిమాలో అయితే ఆధారాన్ని గుర్తు చేసే చిన్న సీన్లే ముందు కత్తెరకి బలవుతాయి, గందరగోళం ఇంకా పెరుగుతుంది. ఇలా ఆలస్యంగా వేసిన కత్తెరని చెవితో పట్టుకోవచ్చు. రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం చేర్చడం), మిక్సింగ్ (శబ్దాలన్నీ కలపడం) అయిపోయాక కోస్తే నేపథ్య సంగీతం స్వరం మధ్యలో తెగి వేరే చోట మొదలవుతుంది, వానో ట్రాఫిక్ చప్పుడో ఒక్కసారిగా మాయమవుతుంది.

అందుకే వాదనకి దిగే ముందు ఇద్దరూ చూసింది ఒకే వెర్షనా అని తేల్చుకోండి. మొదట్లో వచ్చే సెన్సార్ ధ్రువపత్రం మీద నిడివి ఉంటుంది, దాన్ని ఆన్‌లైన్ నిడివితో పోల్చండి. ఒక చిక్కుంది: సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాని 25 ఫ్రేముల టీవీ పద్ధతిలోకి మారిస్తే 150 నిమిషాలది 144 అవుతుంది. ఒక్క సీనూ పోలేదు, వేగం నాలుగు శాతం పెరిగిందంతే. గొంతులు, పాటలు కొంచెం పై శ్రుతిలో వినపడితే కారణం అదే. యూట్యూబ్‌లో పాత సినిమాలు కొన్ని అంచులు కోసేసి తెర నింపి పెడతారు. వెడల్పాటి సినిమాస్కోప్ ఫ్రేములో ఓ పక్కన నిలబడి వింటున్న మనిషి అసలు కనపడడు. అలాంటి కాపీ చూసి ఫోటోగ్రఫీ బాగాలేదనకండి.

నాలుగైదు కథల సినిమాలకి మొత్తం మీద ఒక్క మార్కు వేయకండి. ప్రవీణ్ సత్తారు ‘చందమామ కథలు’లో ఎనిమిది, చంద్రశేఖర్ యేలేటి ‘మనమంతా’లో నాలుగు కథలున్నాయి. ఏ కథకి ఆ కథ కాగితం వేరుగా గీయాలి.

విరామం తర్వాత మనం చూడబోయేది ‘ప్రస్థానం’. లోకనాథం నాయుడిగా సాయికుమార్ నటన గురించి వేరే చెప్పక్కర్లేదు, తెలుగు తెర మీద ఒక తండ్రిని ఇంత నిర్దయగా, ఇంత జాలిగా చూపించిన సినిమాలు అరుదు. దాంట్లోనూ అతుకులున్నాయి. లోకనాథం సవతి కొడుకు మిత్ర ప్రేమ ట్రాక్ వచ్చినప్పుడల్లా కాగితం మీద టిక్కు పెట్టండి, లోకనాథం ఎదురుగా మిత్ర నిలబడిన ప్రతి సీనుకీ సమయం రాయండి. అలాంటి రెండు సీన్ల మధ్య ఎన్ని నిమిషాల ఖాళీ వచ్చిందో లెక్క తీయండి. ఆ ఖాళీల్లో ఏముందో దాని మీదే చర్చ మొదలుపెడదాం. కాగితాలు తలుపు దగ్గర బల్ల మీదున్నాయి, ఒక్కొక్కరు రెండేసి తీసుకోండి, ఒకటి సరిపోదు.